పరిధి కాదన్నారు

నా ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోకు పోయింది. ఇనుప పట్టీల బూటు తొడుక్కుని, చంకలో కర్ర పెట్టుకుని నడుస్తాను. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ వ్యవహారంలో నేను కలిసిన ప్రతి ఆఫీసరూ మొదట నా కాలు చూశాడు, ఆ తర్వాతే నా చేతిలోని కాగితం చూశాడు. మీరైనా కాగితం ముందు చూస్తారని నా ఆశ.

పుంగనూరులో నాకొక టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను. పెళ్లిళ్ల కాలంలో అన్నం తినే తీరిక కూడా ఉండదు. కాపురం మాత్రం పల్లెలో. మా ఆయన టమేటా పండిస్తాడు, చేనును వదిలి టౌనులో ఉండలేడు. నేను షాపు వదిలి పల్లెలో ఉండలేను. మా ఇద్దరి సంసారాన్ని ఇన్నేళ్లు కలిపి ఉంచింది ఒక బస్సే అని నేను నవ్వుతూ అంటుంటాను గానీ, అది నిజమే.

ఆ బస్సు ప్రైవేటుది. పొద్దున్నే కుప్పంలో బయల్దేరి, పలమనేరు దాటి, మా ఊళ్లోకొచ్చి, పుంగనూరు మీదుగా మదనపల్లె పోతుంది. మధ్యాహ్నం తిరిగి కుప్పం పోతుంది. మళ్లీ ఇంకోసారి వచ్చి, చీకటి పడే వేళకు ఆఖరి ట్రిప్పుగా కుప్పానికి తిరుగుతుంది. ఓనరూ డ్రైవరూ ఒకరే. కుప్పం సాయిబు. అందరూ భాయ్ అంటారు. పాత రోడ్డు మా ఇంటి ముందు నుంచే పోతుంది కాబట్టి ఆయన సరిగ్గా మా అరుగు దగ్గర ఆపేవాడు. నేను కర్ర లోపల పెట్టి, కమ్మీ పట్టుకుని, మంచి కాలు మెట్టు మీద వేసి, రెండో కాలును చేత్తో పైకి లాక్కుని ఎక్కేదాకా బస్సు కదిలేది కాదు. వెనక సీట్లో ఎవరైనా విసుక్కుంటే, "దిగి నడిచిపో అప్పా, నీకు కాళ్లు బాగుండాయి గదా" అనేవాడు.

తర్వాత మా ఊరి వెనక మిట్ట మీద బైపాస్ రోడ్డు పడింది. రోడ్డు వేసినందుకు నేనేమీ అనను. లారీలు ఊళ్లోకి రాకుండా పోయినందుకు సంతోషపడిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. కానీ ఒక సాయంత్రం నేను బస్సు దిగుతుంటే భాయ్ ఇంజన్ ఆపేశాడు. ఎప్పుడూ అట్లా ఆపడు.

"అమ్మా, రేపట్నుంచి నేను ఊర్లేకి రాను," అన్నాడు.

"యాల?"

"ఆర్డర్ వచ్చిండాది. బైపాస్ మీదనే పోవాలంట. ఊరి లోపలి రూటు పర్మిట్ నుంచి కొట్టేసినారు. టైము కలిసొస్తాదంట."

"ఎవురికి కలిసొస్తాది?"

ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

మా ఊరి నుంచి బైపాస్ దగ్గరే. కాళ్లు బాగున్నవాళ్లకు ఒక బీడీ తాగేంత దూరం. దారి మాత్రం వంక దాటి, మామిడితోట పక్కగా, రాళ్ల మిట్ట ఎక్కిపోవాలి. మొదటి రోజు మా ఆయన మోపెడ్ మీద ఎక్కించాడు. వంక దగ్గర ఇసకలో బండి పక్కకు ఒరిగి ఇద్దరం పడ్డాం. రెండో రోజు నడిచాను. మిట్ట ఎక్కేసరికి బస్సు పోయింది. పైన నీడకు ఒక చెట్టు కూడా లేదు. అంగడి తెరవాల్సిన వేళకు నేను రోడ్డు పక్కన కూర్చుని బూటులో పడిన రాళ్లు దులుపుకుంటున్నాను. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారనిచ్చే ఉద్దేశం కూడా నాకు లేదు.

నేనొక్కదాన్నే అయితే ఏదో ఒక ఏర్పాటు చేసుకునేదాన్నేమో. మా పక్కింటి పెదనాయనకు కిడ్నీలు చెడిపోయాయి. కుప్పం ఆస్పత్రిలో డయాలిసిస్ చేయించుకుంటాడు. మధ్యాహ్నం బస్సుకు పోయి, సాయంత్రం షిఫ్టులో రక్తం శుద్ధి చేయించుకుని, రాత్రికి ఆస్పత్రి వరండాలో పడుకుని, పొద్దున బస్సులో వచ్చేవాడు. ఇప్పుడు ఆ మనిషి మిట్ట ఎండలో వంక దాటాలి. ఎదురింటి అమ్మాయి మదనపల్లె అవతల అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగ్ చదువుతోంది, ఆఖరి సంవత్సరం. పొద్దున ఈ బస్సులో మదనపల్లె పోయి, అక్కడ ఇంకో బస్సు మారుతుంది. ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. చీకట్లో మామిడితోట పక్క దారిలో కూతుర్ని నడిపించలేనని, హాస్టల్లో పెట్టే స్తోమత లేదని, వాళ్ల నాయన ఆ అమ్మాయిని కాలేజీ మాన్పించాడు. పుస్తకాలన్నీ గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాడు కూడా.

నేను భాయ్‌ని పట్టుకున్నాను. "నీ పర్మిట్ మార్చినారు. నువ్వు అప్పీలు ఎయ్యి."

"ఉండేది ఒక్క బండి అమ్మా," అన్నాడు. "ఆఫీసోళ్లతో పెట్టుకుంటే రేపు లైట్లు సరిగా లేవంటారు, ఎల్లుండి టైర్లు అరిగినాయంటారు. నా పిలకాయలు ఏం తినాల?"

"మా ఊరోళ్లు ఎట్ల పోవాల?"

"నన్ను తిట్టమ్మా, పడతా. అప్పీలు మాత్రం నేనెయ్యలేను."

ఆయన భయం దొంగ భయం కాదు. అందుకే తిట్టలేదు. కానీ ఆ రోజు నుంచి కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు.

నేనే ఆఫీసులకు తిరిగాను. మాది ఒక జిల్లా, మదనపల్లె ఇంకో జిల్లా. మా జిల్లా రవాణా ఆఫీసుకు పోతే, బస్సు పోయి చేరేది మదనపల్లె కదా, ఇది మా పరిధి కాదు, అక్కడ అడగండి అన్నారు. మదనపల్లెలో అడిగితే, పర్మిట్ ఇచ్చింది వాళ్లు, మా పరిధి కాదు అన్నారు. రోడ్ల ఆఫీసులో, మేం రోడ్డు వేస్తాం, బస్సులు మా పరిధి కాదు అన్నారు. పరిధి అనే మాటను అంతకుముందు నేను స్కూల్లో వృత్తం గీసేటప్పుడు మాత్రమే విన్నాను. ఇక్కడ అందరూ తలా ఒక వృత్తం గీసుకుని కూర్చున్నారు. మా ఊరు ఏ వృత్తంలోనూ పడలేదు.

ఒక ఆఫీసరు మాత్రం కూర్చోమన్నాడు. మంచినీళ్లు తెప్పించాడు. ఆ తర్వాత, "వికలాంగులకు ప్రభుత్వం మూడు చక్రాల మోటారు బండి ఇస్తుంది కదమ్మా. దానికి పెట్టుకోండి, నేను సిఫారసు చేస్తాను," అన్నాడు.

"నాకు బండి ఇస్తారు సార్. డయాలిసిస్ పెదనాయనకు ఏమిస్తారు? కాలేజీ పిల్లకు ఏమిస్తారు? మా ఊర్లో నెలలు నిండిన ఆడవాళ్లకు ఏమిస్తారు?"

"అందరి గురించీ మీకెందుకమ్మా?"

"బస్సు అందరిదీ గాబట్టి."

ఆయన ముఖం మాడ్చుకున్నాడు. నేను నీళ్లు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, లేచి వచ్చేశాను.

మదనపల్లె కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయరమ్మ జాకెట్లు నేనే కుడతాను. వయసులో నాకంటే బాగా పెద్దది. నల్ల కోటు కింద తెల్ల జాకెట్టు మెడ దగ్గర ఏమాత్రం వదులున్నా ఒప్పుకోదు. ఆమె దగ్గరికి పోయి సంగతి చెప్పాను. ఆమె ఆర్డరు కాపీ చదివి, కళ్లద్దాలు తీసి, బల్ల మీద పెట్టింది.

"సూడు, గెలుస్తామని నేను చెప్పను," అంది. "బస్సు పర్మిట్ల మీద కింద ఆఫీసులోళ్లు ఇచ్చే ఆర్డర్లు తప్పయితే సరిచేసేదానికి రాష్ట్రానికంతా ఒక ట్రిబ్యునల్ ఉండాది. విజయవాడలో. కోర్టు మాదిరే, జడ్జి కూర్చుంటాడు. అప్పీలు ఎయ్యాల్సింది మామూలుగా పర్మిట్ ఉండేవాడు. భాయ్ ఎయ్యనంటాండాడు. ఇంగొక దావ ఉండాది, రివిజన్ అని. కింద ఆఫీసు రికార్డు తెప్పించుకుని, ఆర్డరు సరైందో కాదో మీరే సూడండి అని ట్రిబ్యునల్‌ను అడగడం. అది బస్సు ఓనరే అడగాలని చట్టంలో యాడా లేదు. అట్లని నీ మాదిరి పాసింజరు అడగొచ్చని కూడా లేదు."

"అయితే ఎట్ల అక్కా?"

"తలుపు తట్టి సూడాల. మొదటే సర్కారు లాయరు లేస్తాడు. ఇది ప్రభుత్వ నిర్ణయం, ఈ కేసు వినేదానికి ఈ ట్రిబ్యునల్‌కు అధికారమే లేదంటాడు. అసలు కొట్లాట ఆడనే. మీ ఊరు, నీ కాలు, ఆ పిల్ల చదువు, అన్నీ ఆ తర్వాతే."

"అంటే మా మాట వినాల్నా వద్దా అనేదానికే ఒక కేసా?"

"అవును. సానా కేసులు గడప దగ్గరే సచ్చిపోతాయి."

"మనది సావనీకుండా సూద్దాం," అన్నాను.

ఆమె నవ్వింది. ఇంకొకరు కూడా సంతకం పెడితే బాగుంటుందని చెప్పింది. ఒక్క మనిషి ఇబ్బంది అని తీసిపారేయకుండా, ఊరి ఇబ్బందిగా కనిపించాలి.

ఊళ్లో మగవాళ్లు చాలామందిని అడిగాను. ఒకాయన గవర్నమెంటు మీద కేసేస్తే పింఛను ఆగిపోతుందన్నాడు. ఒకాయన ఎన్నికలు రానీ చూద్దామన్నాడు. చివరికి సంతకం పెట్టింది ఎదురింటి అమ్మాయి. వాళ్ల నాయన గడపలో అడ్డంగా నిలబడ్డాడు.

"కోర్టు కాగితంలో ఆడపిల్ల పేరు ఎక్కిస్తావా? రేపు సంబంధాలోళ్లు అడిగితే నేనేం చెప్పాల?" అని నా మీద అరిచాడు.

జవాబు ఆ అమ్మాయే చెప్పింది. గట్టిగా కాదు, మామూలుగానే. "నాయనా, కాలేజీలో నా పేరు కొట్టేస్తే నీకు తప్పు అనిపించలేదు. కోర్టు కాగితంలో రాస్తే తప్పా?"

ఆయన పక్కకు జరగలేదు. ఆ అమ్మాయే ఆయన పక్క నుంచి దూరి వచ్చి, మా అరుగు మీద కూర్చుని సంతకం పెట్టింది. పెట్టి, "అక్కా, ఓడిపోతే?" అంది.

"ఓడిపోతే ఓడిపోయినామని రాసిస్తారు గదా. అదన్నా ఒక జవాబు. ఇప్పటిదాకా మనకు అది కూడా ఇయ్యలేదు."

విజయవాడకు మేం ముగ్గురం పోయాం. లాయరమ్మ, ఆ అమ్మాయి, నేను. పొద్దున బస్సు దిగి, మొహాలు కడుక్కుని, ఇడ్లీ తిని, ట్రిబ్యునల్ ఉన్న భవనానికి చేరాం. హాలు మేడ మీద. మెట్లు నిటారుగా ఉన్నాయి. అక్కడి బంట్రోతు మంచివాడే. నన్ను చూడగానే ఒక కుర్చీ తెచ్చి, ఇంకో మనిషిని పిలిచి, "కూర్చోండమ్మా, ఇద్దరం పట్టుకుని పైకి చేరుస్తాం," అన్నాడు.

"మోయొద్దు నాయనా. రొంత ఆలస్యమైనా నేనే వస్తా," అన్నాను.

కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కాను. కిందా పైనా లాయర్లు ఆగి దారి ఇచ్చారు. మోయించుకుని పోయి న్యాయం అడగడం నాకు ఇష్టం లేదు. కొందరికి అది పొగరు అనిపించి ఉండొచ్చు. అనిపించనీ.

ఆ రోజు వాయిదా వేశారు. ఇంకోసారి పోయాం, అప్పుడూ వాయిదానే. మూడోసారి వాదనలు జరిగాయి. వాదనలు ఇంగ్లీషులో నడుస్తుంటే, పక్కన కూర్చున్న అమ్మాయి నా చెవిలో తెలుగులో చెప్తూ వచ్చింది.

సర్కారు లాయరు వయసులో చిన్నవాడు. గొంతు పెంచకుండా, ఒక్కో మాటా నిలబెట్టి వాదించాడు. ఆయన మాటలు మూడు. కొత్త రోడ్ల మీద బస్సులు తిప్పి ప్రయాణ సమయం తగ్గించాలన్నది ప్రభుత్వ విధానం, విధానాన్ని విచారించే అధికారం ఈ ట్రిబ్యునల్‌కు లేదు, కావాలంటే హైకోర్టుకు పోవచ్చు. పర్మిట్ ఉన్న మనిషి నోరు మెదపలేదు, మధ్యలో పాసింజర్లకు ఏం సంబంధం. వీళ్ల మాట ఇక్కడ వింటే, రేపు ప్రతి ఊరూ ప్రతి స్టాపు కోసం ఇక్కడికే వస్తుంది.

మూడో మాట నా చెవిలో పడగానే నాకు ఒళ్లు మండింది. వస్తే ఏం? రావడానికే కదా ఇది పెట్టింది?

మా లాయరమ్మ లేచింది. ప్రభుత్వ విధానం గురించి మేం ఒక్క మాట కూడా అనడం లేదంది. ప్రభుత్వం ఇచ్చిన జీవో చదివి వినిపించింది. కొత్త రోడ్లను వీలైన చోట వాడుకోండి అని ఉంది అందులో. ఫలానా ఊరికి బస్సు తీసేయండి అని ఎక్కడా లేదు. ఆ మాట రాసింది కింద అధికారి, ఒక బస్సు పర్మిట్ మీద, ఒక ఊరిని తీసేస్తూ. విధానం ప్రభుత్వానిది కావచ్చు, ఈ ఆర్డరు మాత్రం అధికారిది. అధికారి ఇచ్చిన ఆర్డరును చూడడానికే ఈ ట్రిబ్యునల్ ఉంది. ఆర్డరుకు ముందు ఊరికి నోటీసు ఇచ్చారా అని రికార్డు తెప్పించుకుని చూడమనే మేం అడుగుతున్నామంది.

జడ్జిగారు కాసేపు రాసుకున్నారు. పెద్దాయన. తల నెరిసింది. రాయడం ఆపి, కళ్లెత్తి, నన్ను చూశారు. నా కాలు బల్ల కింద ఉంది కాబట్టి ఆయనకు నా ముఖమే కనిపించి ఉంటుంది.

"పిటిషనరు మీరేనా అమ్మా? మీరేమైనా చెప్పుకుంటారా?" అన్నారు తెలుగులో.

నేను లేవబోయాను. కూర్చునే చెప్పమన్నారు. నేను లేచే నిలబడ్డాను. మా యాసలో మాట్లాడితే నవ్వుతారేమోనని ఒక్క క్షణం అనిపించింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

"అయ్యా, పర్మిట్ బస్సాయనదే. కాదనను. అయితే ఆ పర్మిట్ ఆయనకు ఎందుకిచ్చినారు? ప్రజల సౌకర్యం కోసమని అందులోనే రాసుండాదని మా లాయరమ్మ సూపించింది. ఆ ప్రజలు మేమే గదయ్యా. ఇచ్చేటప్పుడు మా పేరు సెప్పి ఇచ్చినారు. తీసేసేటప్పుడు మీరెవరు అంటాండారు. రెండు మాటలూ ఒకే ఆఫీసు ఎట్ల సెప్తాదయ్యా?"

ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు సర్కారు లాయరు వైపు చూశారు. ఆయన ఇంగ్లీషులో ఏదో అన్నాడు. నా చెవి దగ్గర అమ్మాయి, "ఆమె బాధ అర్థమైంది, కానీ బాధ వేరు, అధికారం వేరు అంటాండాడు అక్కా," అంది.

ఆ మాటకు నేను ఊరుకోలేకపోయాను. "నేను బాధ సెప్పుకోలేదు సార్," అన్నాను నేరుగా ఆయనతోనే. "బాధయితే మా ఇంట్లో సెప్పుకుంటా. నేను అడిగేది లెక్క. ఈ ట్రిబ్యునల్‌కు అధికారం లేదంటారు, ఆ ఆఫీసులోళ్లకూ లేదంటారు. మా ఊరి బస్సు తీసేసే అధికారం మటుకు ఎవురికో ఉండింది గదా? ఆ తీసినోళ్లను అడిగే అధికారం ఎవురికి ఉండాదో మీరే సెప్పండి, ఆడికే పోతా."

లాయరమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. సర్కారు లాయరు తల వంచుకుని ఫైలు సర్దుకున్నాడు. తీర్పు తర్వాత చెప్తామన్నారు.

మెట్లు దిగేటప్పుడు కమ్మీ ఒక్కటే చాలలేదు. అమ్మాయి భుజం పట్టుకుని దిగాను. అంతసేపూ ధైర్యంగా ఉన్నానని గొప్పలు చెప్పను. హాల్లో ఉన్నంతసేపు భయం గుర్తుకు రాలేదు, అంతే.

చాన్నాళ్లు ఏ కబురూ రాలేదు. ఆ రోజుల్లో వానలు పడ్డాయి. వంకలో నీళ్లు వచ్చాయి. పెదనాయనను ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి వంక దాటించేవాళ్లు. నేను వారంలో కొన్ని రోజులు షాపులోనే, గుడ్డల మూటల మధ్య పడుకునేదాన్ని. ఊళ్లో కొందరు, "విజయవాడ దాకా పోయొచ్చింది, ఏం తెచ్చింది?" అని నాకు వినపడేటట్టే అన్నారు. మా ఆయన మాత్రం రాళ్ల మిట్ట మీద నేను జారే చోట పార తీసుకుపోయి నాలుగు మెట్లు మాదిరి చెక్కి వచ్చాడు.

ఒక మధ్యాహ్నం నేను మిషన్ మీద ఉండగా లాయరమ్మ ఫోను చేసింది.

"గడప దాటినాం," అంది.

ట్రిబ్యునల్ చెప్పింది ఇది. రోడ్డు ఎక్కడ వేయాలి, విధానం ఎట్లా ఉండాలి అన్నది మేం చూడం. కానీ ఒక బస్సు పర్మిట్ మీద అధికారి ఇచ్చిన ఆర్డరును పరిశీలించే అధికారం మాకు ఉంది. విధానం అనే మాట అడ్డం పెట్టినంత మాత్రాన ఆ అధికారం పోదు. ఆ బస్సు మీద ఆధారపడ్డ పాసింజరు అడిగినా రికార్డు తెప్పించి చూడొచ్చు. చూశాం. ఊరిని ఒక్క మాట అడగకుండా ఆర్డరు ఇచ్చారు. అందువల్ల ఆ ఆర్డరు రద్దు. ఊరివాళ్లను విని మళ్లీ కొత్తగా నిర్ణయించాలి. అంతవరకూ బస్సు పాత దారిలోనే పోవాలి.

నేను మిషన్ మీది గుడ్డ తీసి పక్కన పెట్టేశాను. ఎదురుగా జాకెట్టు కొలతకు వచ్చిన ఆవిడ, ఏమైందమ్మా అని కంగారు పడింది. "మా బస్సు వస్తాండాది," అన్నాను. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు.

బస్సు ఊళ్లోకి వచ్చిన మొదటి పొద్దున భాయ్ మా అరుగు ముందు ఆపి, సీటు దిగి వచ్చి, నా కర్ర అందుకున్నాడు. చాలా రోజుల తర్వాత మాట్లాడుకున్నాం.

"నీ మీద నాకు కోపం ఉండింది భాయ్," అన్నాను.

"ఉండాల్సిందే అమ్మా," అన్నాడు. "ఈసారి విచారణకు నేనూ వస్తా."

ఎదురింటి అమ్మాయి పుస్తకాల గోనెసంచి అటక మీది నుంచి దింపింది వాళ్ల నాయనే. కాలేజీవాళ్లు హాజరు తక్కువైందని మొదట ఒప్పుకోలేదు. ట్రిబ్యునల్ ఆర్డరు కాపీ చూపిస్తే ఒప్పుకున్నారు. మొదటి రోజు వాళ్ల నాయన బస్సు దాకా వచ్చి, కూతురు ఎక్కాక కిటికీ దగ్గర నిలబడి, నన్ను చూసి, "రొంత సూసుకో అమ్మా," అన్నాడు. క్షమాపణలాంటిది ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

కొత్త విచారణ కుప్పంలో పెట్టారు. ఊరు ఊరంతా కాకపోయినా, బస్సు నిండా జనం పోయాం. పింఛను ఆగిపోతుందన్న ఆయన కూడా ఎక్కాడు. నేను పక్కకు జరిగి చోటిచ్చాను. మీటింగు హాల్లో అధికారి ముందు భాయ్ లేచి, చేతులు కట్టుకునే అయినా, ఊరి లోపలికి పోతే తనకు నష్టం లేదని, ఎక్కే జనం అక్కడే ఉన్నారని స్పష్టంగా చెప్పాడు. పెదనాయన ముందురోజే డయాలిసిస్‌కు వచ్చి, రాత్రి ఆస్పత్రిలోనే పడుకున్నాడు. చేతికి దూది పట్టీతో నేరుగా హాలుకు వచ్చాడు. కుర్చీలో కూర్చుని, "నన్ను రోగిగా సూడొద్దు సార్. టికెట్టు కొనే పాసింజరుగా సూడండి," అన్నాడు. ఆ మాట ఎవరూ నేర్పింది కాదు.

అధికారి అందరి మాటా రాసుకున్నాడు. కొన్ని రోజులకు ఆర్డరు వచ్చింది. పొద్దున ట్రిప్పు, రాత్రి ఆఖరి ట్రిప్పు ఊళ్లోకి రావాలి. మధ్యలో రెండు ట్రిప్పులు బైపాస్ మీదే పోవాలి.

ఊళ్లో టపాకాయలు కాల్చారు. నా షాపు ముందు ఎవరో స్వీట్లు పంచారు. నాకు పని కుదిరింది, అమ్మాయి చదువు కుదిరింది. అమ్మాయి పరీక్షలు రాసింది, ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం వెతుక్కుంటోంది. మా ఇద్దరి మటుకు కేసు అయిపోయినట్టే. చాలామంది ఆ మాటే అన్నారు, చాలింక అన్నారు.

పెదనాయన మాత్రం మధ్యాహ్నం బస్సుకు ఇప్పటికీ మిట్ట ఎక్కుతాడు. మదనపల్లె మార్కెట్లో టమేటా దింపి తిరిగొచ్చే ఆడవాళ్లు మిట్ట ఎండలో ఖాళీ క్రేట్లు నెత్తిన పెట్టుకుని దిగుతారు. నేను మళ్లీ మదనపల్లె పోయాను. లాయరమ్మ నన్ను చూడగానే, "మధ్యాహ్నం ట్రిప్పా?" అంది. అవునన్నాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది.

రెండో రివిజన్ వేసిన కొన్నాళ్లకు ఆఫీసు నుంచి ఒకాయన ఫోను చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"మళ్లా కేసు యాల అమ్మా? రెండు ట్రిప్పులు ఇచ్చినాం గదా?"

"ఇచ్చినామని సెప్పొద్దు సార్," అన్నాను. "నాలుగూ మావే. మీరు తీసుకున్నారు. రెండు తిరిగొచ్చినాయి. ఇంగ రెండు రావాల."

"దీన్ని వినే అధికారం ట్రిబ్యునల్‌కు లేదని ఈసారి గట్టిగా వాదిస్తాం."

"వాదించండి. నేనూ వస్తాండాను గదా," అని ఫోను పెట్టేశాను. మిషన్ మీద ఒక పెళ్లికూతురి జాకెట్టు చెయ్యి సగంలో ఉంది. సాయంత్రానికి ఇయ్యాలి. కుడుతూ కూర్చున్నాను.